మొబైల్ క్లౌడ్: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

పగిలిపోయిన ఫోన్ స్థానంలో కొత్తది కొని, పాత ఈమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్, ఆపైన వచ్చిన ఓటీపీ నమోదు చేస్తే చాలు. గంట తిరిగేలోగా పాత ఫొటోలు, బంధుమిత్రుల నంబర్లు, రాసుకున్న నోట్సు, వాడుతున్న యాప్‌లు అన్నీ తిరిగి వచ్చేస్తాయి. పోయిందనుకున్నది దొరికినందుకు మనసుకు ఎంతో ఊరటగా ఉంటుంది. అయితే ఆ ఊరటనిచ్చిన ఏర్పాటునే, అంటే మన సమాచారాన్ని దూరాన ఉన్న కంప్యూటర్లలో దాచి ఫోన్‌కు అందించే మొబైల్ క్లౌడ్‌నే, ఒకసారి అటువైపు నుంచి కూడా చూడాలి. ఆ మూడు వివరాలూ ఇంకెవరి చేతికైనా చిక్కితే, అవే ఫొటోలు, అవే నంబర్లు వాళ్ల ఫోన్లోకి కూడా అంతే సాఫీగా దిగుతాయి. అవతల ఉన్న ఆ కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, మన ముఖం తెలియదు, మన గొంతు తెలియదు. సరైన తాళంచెవి చూపించినవారే దాని లెక్కలో యజమాని.

మొబైల్ క్లౌడ్ భద్రత మీద వచ్చే రచనల్లో సాధారణంగా ముప్పుల జాబితా ఒకటి కనిపిస్తుంది: సమాచార చౌర్యం, మాల్‌వేర్ అనే హానికర సాఫ్ట్‌వేర్, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, సేవలకు అంతరాయం, చట్టపరమైన చిక్కులు. ఆ జాబితాలో తప్పేమీ లేదు. కానీ దాన్ని చదివిన పాఠకుడికి ఏ ముప్పు ఎక్కడ పుడుతుందో, దాన్ని ఆపవలసిన బాధ్యత ఎవరిదో అంతుపట్టదు. ఈ చిక్కుముడిని విప్పడానికి నాకు ఉపయోగపడిన ప్రశ్న ఒక్కటే: సమాచారం ఫోన్ నుంచి, సర్వర్లు కొలువుండే డేటా సెంటర్ దాకా వెళ్లి తిరిగి వచ్చే దారిలో, ప్రతి మజిలీ దగ్గరా దాన్ని తెరవగల తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? సమాచారాన్ని తాళంచెవి లేనిదే చదవలేని సంకేతాలుగా మార్చడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. ఇవాళ వాడుకలో ఉన్న ఎన్‌క్రిప్షన్ పద్ధతులను నేరుగా బద్దలుకొట్టి చేసిన దొంగతనాలు చాలా అరుదు. తాళంచెవిని ఎక్కడ పెట్టారు, ఎవరికి ఇచ్చారు, పోతే మళ్లీ ఎలా ఇస్తారు అన్న చోటే ఇల్లు గుల్లవుతోంది.

ఫోన్ మోయలేని బరువు

మొబైల్ క్లౌడ్ అన్న మాట వాడుకలోకి రాకముందే దాని సారాన్ని మన దేశంలో ఎంతోమంది కీప్యాడ్ ఫోన్లలో అనుభవించారు. 2006 జనవరిలో ప్రపంచమంతటికీ విడుదలైన ఒపెరా మినీ బ్రౌజర్‌ను గుర్తు చేసుకోండి. ఆ చిన్న ఫోన్లకు పెద్ద వెబ్ పేజీని తెరిచే శక్తి ఉండేది కాదు. అందుకని ఫోన్ అడిగిన పేజీని ఒపెరా సంస్థ సర్వర్ తెచ్చుకుని, బొమ్మలను కుదించి, పేజీ మొత్తాన్ని పిండి పిప్పి చేసి, చిన్న మూటగా ఫోన్‌కు పంపేది. బరువైన పని బయట జరుగుతుంది, ఫలితం మాత్రమే చేతికి వస్తుంది. మొబైల్ క్లౌడ్ కంప్యూటింగ్ అంటే మౌలికంగా ఇంతే.

దాని భద్రతా సమస్య కూడా ఆనాడే అక్కడే కనిపించింది. బ్యాంకు పేజీ లాంటి సురక్షితమైన పేజీని కుదించాలంటే ముందు దాన్ని విప్పాలి కదా. బ్యాంకు నుంచి ఒపెరా సర్వర్ దాకా ఒక రక్షణ, ఆ సర్వర్ నుంచి ఫోన్ దాకా మరొక రక్షణ ఉండేవి. రెండింటి మధ్య, సర్వర్ లోపల, ఆ పేజీ కొద్ది క్షణాలపాటు తెరిచిన ఉత్తరంలా ఉండేది. ఈ సంగతిని ఒపెరా దాచలేదు, తన సైట్‌లోనే వివరించింది. మనకోసం పని చేసిపెట్టేవారికి ఆ పని చేయడానికి కావలసినంత మేర మన సమాచారాన్ని చూపించక తప్పదన్న నిజం అప్పటినుంచీ ఇప్పటిదాకా మారలేదు.

అదే 2006లో అమెజాన్ తన నిల్వ సేవను, అద్దె సర్వర్ల సేవను ప్రారంభించింది. 2011 సెప్టెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ క్లౌడ్‌కు ఒక నిర్వచనం ఇచ్చింది: నెట్‌వర్క్ ద్వారా, అడిగిన వెంటనే, అడిగినంత మేరకు, అందరికీ ఉమ్మడిగా ఉన్న వనరుల నుంచి కంప్యూటింగ్ శక్తిని అందించే పద్ధతి అని దాని సారాంశం. ఇక పరిశోధకుల ఆలోచన మరో దారిలో నడిచింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన మహదేవ్ సత్యనారాయణన్, ఆయన సహచరులు 2009లో క్లౌడ్‌లెట్ అనే భావనను ప్రతిపాదించారు. దూరాన ఉన్న డేటా సెంటర్‌కు వెళ్లి రావడానికి పట్టే ఆలస్యాన్ని తప్పించడానికి, ఫోన్‌కు దగ్గరలోనే చిన్న సర్వర్ ఉండాలన్నది వారి వాదన. ఆ తరువాతి సంవత్సరాల్లో ఒకే ప్రోగ్రామును ఫోన్‌కూ క్లౌడ్‌కూ మధ్య పంచి, బ్యాటరీ ఎక్కడ ఆదా అవుతుందో లెక్కగట్టి, ఆ భాగాన్ని అక్కడ నడిపించే ప్రయోగాలు జరిగాయి. కానీ వాడుకలో గెలిచినది ఇంతకన్నా సులువైన పద్ధతి. యాప్ తయారుచేసేవారు మొదటినుంచే అసలు పనిని, అసలు సమాచారాన్ని సర్వర్ వైపు ఉంచి, ఫోన్‌ను ఒక కిటికీగా మార్చేశారు. యూపీఐ చెల్లింపు, డిజీలాకర్‌లో డ్రైవింగ్ లైసెన్సు, రైలు టికెట్టు, పిల్లల బడి యాప్ అన్నీ ఈ కోవకే వస్తాయి. మనం చూస్తున్నది కిటికీలోంచి. వస్తువులు మాత్రం వేరే ఇంట్లో ఉన్నాయి.

యాప్ లోపల మరచిపోయిన తాళంచెవి

ఈ సమస్యలన్నిటిలో ఎక్కువసేపు ఆగి చూడదగినది ఇదే అని నా నమ్మకం. ఎందుకంటే దీనికి కారణం శత్రువు తెలివితేటలు కావు, మన తొందరపాటు.

ఆండ్రాయిడ్ యాప్ మన ఫోన్లోకి ఏపీకే అనే ఒక్క ఫైలుగా వస్తుంది. అది నిజానికి జిప్ ఫైలు లాంటి మూట. ఆ మూటను విప్పే ఉచిత సాధనాలు ఎవరికైనా దొరుకుతాయి. విప్పితే అందులో బొమ్మలు, తెరల అమరికలు, ప్రోగ్రాము, దానితోపాటు ప్రోగ్రాములో రాసిపెట్టిన అక్షరాల వరుసలు కనిపిస్తాయి. ఒక చిన్న సంస్థలో పనిచేసే డెవలపర్‌ను ఊహించుకోండి. వినియోగదారు ఫోన్ నుంచి ఫొటోను అమెజాన్ నిల్వలోకి ఎక్కించాలి. అందుకు అనుమతి కావాలి. గడువు రేపే. అతను తన ఖాతాకు చెందిన తాళంచెవిని, అంటే ఏ, కె, ఐ, ఏ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే 20 అక్షరాల గుర్తింపును, దాని జంటగా ఉండే రహస్య సంకేతాన్ని, యాప్ లోపలే రాసేస్తాడు. యాప్ పనిచేస్తుంది. పరీక్షలో నెగ్గుతుంది. స్టోర్‌లోకి వెళుతుంది. ఆ క్షణం నుంచి ఆ యాప్‌ను దించుకున్న ప్రతి ఫోన్లోనూ ఆ తాళంచెవి నకలు ఒకటి ఉంటుంది. ఏపీకేను విప్పి, ఆ నాలుగు అక్షరాల కోసం వెతికితే చాలు. పైగా ఆ తాళంచెవి తరచూ ఒక్క గదికి సంబంధించినది కాదు. ఫొటోల గదిని తెరవడానికి ఇచ్చినది ఇల్లంతా తెరుస్తుంది.

దీన్ని సరిదిద్దడం కూడా అంత తేలిక కాదు. తాళం మారిస్తే పాత యాప్ వాడుతున్నవారందరికీ సేవ ఆగిపోతుంది కాబట్టి, కొత్త వెర్షన్ అందరికీ చేరేదాకా పాత తాళాన్ని అలాగే ఉంచుదామన్న ఆలోచన వస్తుంది. ఆ ఉంచడం నెలలు, ఏళ్లు సాగుతుంది. చెయ్యవలసిన పద్ధతి వేరే ఉంది: యాప్‌లో ఏ శాశ్వత తాళంచెవీ ఉండకూడదు. వినియోగదారు లాగిన్ అయిన తరువాత, సంస్థ సర్వర్ అతనికి ఒక్క పనికి మాత్రమే, కొద్ది నిమిషాలు మాత్రమే చెల్లే అనుమతి పత్రాన్ని ఇవ్వాలి. అది దొంగ చేతికి చిక్కినా గడువు తీరాక చిత్తుకాగితమే. మొబైల్ యాప్‌లలో తరచుగా కనిపించే ప్రమాదాలపై, సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2024లో ప్రకటించిన పది అంశాల పట్టికలో మొదటి స్థానం ఈ తాళంచెవుల దుర్వినియోగానికే దక్కింది.

పెద్ద సంస్థలు ఈ తప్పు చేయవనుకోవడానికి వీల్లేదు. టయోటా కార్ల యజమానులు ఫోన్ ద్వారా తమ వాహనంతో అనుసంధానమయ్యే టీ-కనెక్ట్ సేవకు చెందిన ప్రోగ్రాములో కొంత భాగం 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా, ప్రోగ్రాములను దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనిపించేలా ఉండిపోయింది. అందులో వినియోగదారుల వివరాలున్న సర్వర్ తాళంచెవి కూడా ఉంది. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటపడే అవకాశం ఏర్పడిందని సంస్థే 2022 అక్టోబరులో ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది మే నెలలో అదే సంస్థ మరో ప్రకటన చేయవలసి వచ్చింది: క్లౌడ్ అమరికలో జరిగిన పొరపాటు వల్ల జపాన్‌లోని సుమారు 21.5 లక్షల మంది వినియోగదారుల వాహన సమాచారం, వాహనం ఉన్న చోటుతో సహా, 2013 నవంబరు నుంచి 2023 ఏప్రిల్ వరకు బయటివారికి అందుబాటులో ఉండిపోయింది. దాదాపు పదేళ్లపాటు తలుపు తెరిచి ఉన్న సంగతి ఇంటివారికి తెలియలేదు.

ఈ రెండో రకం పొరపాటు మొబైల్ యాప్‌ల ప్రపంచంలో మరీ ఎక్కువ. గూగుల్ వారి ఫైర్‌బేస్ వంటి సేవలు వచ్చాక, సొంత సర్వర్ అన్నదే లేకుండా యాప్ నడపడం సాధ్యమైంది. యాప్ నేరుగా క్లౌడ్ డేటాబేస్‌తో మాట్లాడుతుంది. ఎవరు ఏది చదవవచ్చో, ఏది రాయవచ్చో నాలుగు పంక్తుల నియమాల్లో రాసిపెట్టాలి. పని మొదలుపెట్టేటప్పుడు సౌకర్యం కోసం అందరికీ అన్నీ తెరిచి ఉంచే పరీక్షా విధానం ఒకటి ఇస్తారు. పరీక్ష అయిపోయాక కూడా ఆ నియమాలను బిగించకుండా అలాగే తెరిచి ఉంచితే, ఆ డేటాబేస్ చిరునామా తెలిసిన ఎవరైనా బ్రౌజర్‌లోనే దాన్ని మొత్తం చదువుకోవచ్చు. 2018లో మొబైల్ భద్రతా సంస్థ యాప్‌థారిటీ పరిశోధకులు ఇలా తెరిచి ఉన్న 2,271 డేటాబేస్‌లను, వాటిమీద ఆధారపడిన 3,000కు పైగా యాప్‌లను గుర్తించారు. బయటపడిన రికార్డులు 10 కోట్లు దాటాయి. 2025 జులైలో అమెరికా మహిళలు ఎక్కువగా వాడే టీ అనే యాప్ నుంచి 72,000 చిత్రాలు లీక్ అయ్యాయి. వాటిలో 13,000 దాకా గుర్తింపు నిర్ధారణ కోసం వారు పంపిన సెల్ఫీలు, గుర్తింపు కార్డులే. ఆ సమాచారం పాత నిల్వ వ్యవస్థలో ఉండిపోయిందని సంస్థ వివరణ ఇచ్చింది. భద్రత కోసమే తీసుకున్న ఫొటోలు అభద్రతకు దారి కావడం కన్నా బాధాకరమైన విషయం ఏముంటుంది?

ఇక్కడ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు క్లౌడ్ సంస్థలు చాలా ఏళ్లుగా ఒకే జవాబు చెబుతున్నాయి. భవనం, కరెంటు, యంత్రాలు, వాటిని నడిపే వ్యవస్థ మా పూచీ. అందులో మీరు పెట్టుకునే సమాచారం, దానికి మీరు వేసే తాళం మీ పూచీ. దీన్ని ఉమ్మడి బాధ్యత అంటారు. అద్దె ఇంటి ఒప్పందం లాగా ఇది న్యాయంగానే వినిపిస్తుంది. అయితే మొబైల్ యాప్ విషయంలో ఒప్పందం చేసుకున్నది క్లౌడ్ సంస్థ, యాప్ సంస్థ; ఆ గదిలో సామాను పెట్టిన మూడో మనిషి, అంటే వినియోగదారు, ఆ ఒప్పందాన్ని ఎన్నడూ చూడడు. తాళం వేశారో లేదో తనిఖీ చేసుకునే దారి కూడా అతనికి లేదు. అందుకే పరీక్షా విధానం తెరిచిన తలుపుతో కాకుండా మూసిన తలుపుతో మొదలవ్వాలన్న వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

గుమ్మం దగ్గర, దారిలో, చేతిలో

తాళాలన్నీ సరిగ్గా ఉన్నా, గుమ్మం దగ్గర కాపలా మనిషి సరిగ్గా అడగకపోతే ఫలితం ఉండదు. యాప్‌కూ సర్వర్‌కూ మధ్య సంభాషణ నడిపే ఏపీఐ ఆ కాపలా మనిషి. డిజీలాకర్‌లో 2020లో పరిశోధకులు కనిపెట్టి, ఆ తరువాత సరిదిద్దిన లోపం ఈ విషయాన్ని బాగా విశదం చేస్తుంది. అప్పటికి ఆ సేవకు 3.8 కోట్ల ఖాతాదారులు ఉన్నారు. ఓటీపీ సరిచూసే చోట, ఆ ఓటీపీ ఏ ఖాతాకు సంబంధించినదో దానినే తెరుస్తున్నారా అని సర్వర్ గట్టిగా పట్టించుకోలేదు. అంటే ఒకరి ఓటీపీతో లోపలికి అడుగుపెట్టి, మధ్యలో వివరాలు మార్చి, ఇంకొకరి ఖాతాలో తేలే అవకాశం ఏర్పడింది. ఈ మనిషి నిజమైనవాడా అని అడగడం ఒకటి, ఈ మనిషికి ఈ గదిలోకి వెళ్లే హక్కు ఉందా అని అడగడం మరొకటి. మొదటి ప్రశ్న అడిగాం కదా అని రెండోదాన్ని వదిలేయడం ఏపీఐ రూపకర్తలు తరచూ చేసే తప్పు. యాప్ తెరమీద ఆ బటన్ కనిపించదు కాబట్టి ఎవరూ నొక్కరు అనుకోకూడదు; దాడి చేసేవారు యాప్ తెరను అసలు వాడరు, నేరుగా సర్వర్‌తోనే మాట్లాడతారు.

ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య దారి ఒకప్పటికన్నా చాలా భద్రంగా ఉంది. రైల్వే స్టేషన్‌లోని ఉచిత వైఫైలో బ్యాంకు యాప్ తెరిస్తే పాస్‌వర్డ్ గాలిలో ఎగిరిపోతుందన్న భయం, యాప్‌లు దాదాపు అన్నీ ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడుతున్న ఈ రోజుల్లో, చాలావరకు పాతబడింది. దారిలో ఇంకా బలహీనంగా ఉన్నది ఎస్ఎంఎస్. అది టెలికాం నెట్‌వర్క్ పాత పద్ధతుల మీద నడుస్తుంది, దారి పొడవునా కాపాడే ఎన్‌క్రిప్షన్ దానికి లేదు, సిమ్ ఎవరి చేతిలో ఉంటే వారికే వెళుతుంది. నకిలీ పత్రాలతో మన నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నవాడికి మన ఓటీపీలన్నీ దక్కుతాయి. నిస్ట్ 2017లోనే ఎస్ఎంఎస్ ఓటీపీని పరిమితంగా, జాగ్రత్తతో మాత్రమే వాడదగిన పద్ధతుల్లో చేర్చింది. మన దేశంలో మాత్రం ఇప్పటికీ సగం తలుపులకు అదే తాళంచెవి.

ఇక ఫోన్. ఆశ్చర్యంగా అనిపించవచ్చు కానీ, యంత్రంగా చూస్తే ఈ గొలుసులో గట్టి లంకెల్లో అది ఒకటి. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌తో ఆపిల్, అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.3తో గూగుల్, తాళంచెవులను హార్డ్‌వేర్‌లోనే విడిగా భద్రపరిచే ఏర్పాటును తెచ్చాయి. ఆ గదిలోకి వెళ్లిన తాళంచెవి మళ్లీ బయటకు రాదు. మనమేనని రుజువు చేసే డిజిటల్ సంతకం కావాలంటే ఫోన్ ఆ గది లోపలే పెట్టి పంపుతుంది. కానీ ఫోన్ తెర ముందు కూర్చున్నవాడికి ఆ తాళంచెవిని బయటకు తీయవలసిన అవసరమే లేదు, దానిచేత పని చేయించుకుంటే సరిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ వాడేవారికి ఈ దాడి రూపం కొత్తది కాదు. ఆర్టీఓ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టుకుని ఒక ఏపీకే ఫైలు వస్తుంది. తెలిసినవారి నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వారి ఫోన్ అప్పటికే పరాధీనమై ఉంటుంది. దాన్ని తెరిస్తే తెలియని మూలం నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ హెచ్చరిస్తుంది. చలాన్ ఎంత పడిందో చూడాలన్న ఆత్రంలో ఆ హెచ్చరికను దాటేస్తాం. తరువాత అది ఎస్ఎంఎస్ చదివే అనుమతి అడుగుతుంది. ఒక్కోసారి, చూపు తక్కువైనవారి కోసం ఉద్దేశించిన యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతుంది. ఆ రెండూ దొరికితే తెరమీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు, వచ్చిన ఓటీపీని అప్పటికప్పుడు ఇంకొకరికి పంపగలదు. అంతా మన ఫోన్ నుంచే, మన సిమ్ నుంచే జరుగుతున్నందువల్ల సర్వర్‌కు అనుమానం రాదు. ఇలా డబ్బు పోయినవారు ఎంత తొందరగా సైబర్ నేరాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ లావాదేవీని మధ్యలో ఆపగల అవకాశం అంత ఎక్కువ.

ఈ కోవకు చెందిన మాల్‌వేర్‌ను పరిశీలించిన మొబైల్ భద్రతా సంస్థ జింపీరియం 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన విషయం ఒకటి నన్ను చాలా కలచివేసింది. భారతీయ బ్యాంకు ఖాతాదారులను లక్ష్యంగా చేసుకున్న దాదాపు 900 నకిలీ యాప్‌లు దొంగిలించిన సమాచారమంతా 222 ఫైర్‌బేస్ నిల్వల్లో చేరుతోంది, ఆ నిల్వలకు కూడా తాళం లేదు. సుమారు 50,000 మంది ఎస్ఎంఎస్‌లు, బ్యాంకు వివరాలు, గుర్తింపు కార్డుల వివరాలు దొంగ దగ్గర మాత్రమే కాదు, దారిన పోయే ఎవరికైనా అందేలా పడి ఉన్నాయి. బాధితులు రెండుసార్లు దోపిడీకి గురయ్యారు.

ఎన్‌క్రిప్ట్ చేశామంటే అర్థమేమిటి

ప్రతి క్లౌడ్ సేవా తన దగ్గర సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందని చెబుతుంది. ఆ మాట నిజమే. అయితే తాళంచెవి కూడా ఆ సంస్థ దగ్గరే ఉంటే, ఆ ఎన్‌క్రిప్షన్ డిస్కు దొంగతనం నుంచి కాపాడుతుంది తప్ప, సంస్థలోని ఉద్యోగి నుంచో, కోర్టు ఉత్తర్వు నుంచో, మన పాస్‌వర్డ్ కొట్టేసినవాడి నుంచో కాపాడదు. 2014లో హాలీవుడ్ తారల ఐక్లౌడ్ ఫొటోలు బయటపడినప్పుడు ఆపిల్ సర్వర్ల ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ఛేదించలేదు. నకిలీ ఈమెయిళ్లతో పాస్‌వర్డ్‌లు రాబట్టి, రహస్య ప్రశ్నలకు జవాబులు ఊహించి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లారు.

వాట్సాప్ ఉదాహరణ మరింత స్పష్టంగా ఉంటుంది. పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మూడో మనిషికి అర్థం కాని విధంగా సందేశాలు వెళ్లే పద్ధతి 2016 ఏప్రిల్ నుంచి అందరికీ వచ్చింది. కానీ అదే సందేశాలు రాత్రి రెండు గంటలకు గూగుల్ డ్రైవ్‌లోకో, ఐక్లౌడ్‌లోకో బ్యాకప్ అయినప్పుడు ఆ రక్షణ వాటికి ఉండేది కాదు. దారంతా సీలు వేసిన కవరులో వచ్చిన ఉత్తరాన్ని ఇంటికి చేరాక విప్పి వీధి అరుగు మీద పెట్టినట్టు ఉండేది. 2021 అక్టోబరులో గానీ బ్యాకప్‌కు కూడా ఆ రక్షణ పెట్టుకునే వీలు రాలేదు. ఆ వీలును మనం కావాలని ఎంచుకోవాలి: సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అక్కడ అడుగున ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అన్న పంక్తి. అది నొక్కితే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, లేదా 64 అక్షరాల తాళంచెవిని ఇచ్చి రాసిపెట్టుకోమంటుంది. అవతలివారు ఈ పని చేయకపోతే మనం చేసినా వారి దగ్గరున్న మన సందేశాలకు ఆ రక్షణ ఉండదు.

తాళంచెవి ఖాతాదారు దగ్గరే ఉండే ఏర్పాటును ఆపిల్ 2022 డిసెంబరులో ఐక్లౌడ్‌లోని చాలా భాగానికి విస్తరించింది. బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చాక 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో కొత్తవారికి దాన్ని నిలిపివేసింది. సమాచారం ఏ దేశంలో ఉందన్నదాని మీద మన దగ్గర చర్చ ఎక్కువగా జరుగుతుంది. చెల్లింపుల సమాచారం భారతదేశంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రం ప్రారంభమైంది. నియంత్రణకు, వేగానికి ఇవి మంచివే. కానీ డిస్కు హైదరాబాద్‌లో ఉండి తాళంచెవి ఇంకో దేశంలోని సంస్థ చేతిలో ఉంటే, సమాచారం మన దగ్గర ఉందనడం సగం నిజమే. చట్టం ఇప్పుడిప్పుడే ఈ వైపు అడుగులు వేస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలన్న, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం 2022 నుంచి ఉంది.

తాళంచెవి ఇవ్వకుండానే పని చేయించుకోవడం సాధ్యమా? సమాచారాన్ని విప్పకుండా దానిమీద లెక్కలు చేయవచ్చని 2009లో గూఢలిపి శాస్త్రవేత్త క్రెయిగ్ జెంట్రీ నిరూపించారు. ఆ పద్ధతి ఇప్పటికీ చాలా నెమ్మది. ఎంపిక చేసిన చిన్న పనులకు తప్ప వాడుకలోకి రాలేదు. దానికి బదులుగా మరో మార్గం పుంజుకుంటోంది. కృత్రిమ మేధ పనులను ఫోన్ నుంచి సర్వర్‌కు పంపే అవసరం పెరిగాక, 2024లో ఆపిల్ ప్రకటించిన ఏర్పాటులో, సర్వర్ తనలో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఏదో ముందు రుజువు చేసుకోవాలి. అది బయటి పరిశోధకులు పరిశీలించడానికి ప్రచురించిన సాఫ్ట్‌వేరే అయితేనే ఫోన్ తన సమాచారాన్ని పంపుతుంది. ఒపెరా మినీ రోజుల్లో మధ్య సర్వర్‌ను మాట మీద నమ్మవలసి వచ్చింది. ఇక్కడ సాక్ష్యం అడుగుతున్నారు. అయినా ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే క్లౌడ్‌లో గోడలు పూర్తిగా మందమైనవని చెప్పలేమని 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు చూపించాయి. ఆ లోపాలు ప్రోగ్రాములో లేవు, ప్రాసెసర్ నిర్మాణంలోనే ఉన్నాయి.

సమాచారం దొంగల పాలు కాకపోయినా మనకు అందకుండా పోవచ్చు. 2022 అక్టోబరు 15న దక్షిణ కొరియాలో ఒక డేటా సెంటర్‌లో బ్యాటరీలకు నిప్పంటుకుంటే, ఆ దేశంలో దాదాపు అందరూ వాడే కకావోటాక్ అనే సందేశాల యాప్ మూగబోయింది. సందేశాలే కాక చెల్లింపులు, ట్యాక్సీలు, దానితో ముడిపడిన లాగిన్‌లు నిలిచిపోయాయి. సేవలన్నీ పూర్తిగా కోలుకోవడానికి ఐదు రోజులు పట్టింది. ఒకే కేంద్రం మీద అంతగా ఆధారపడినందుకు సంస్థ అధిపతుల్లో ఒకరు రాజీనామా చేశారు.

పోగొట్టుకున్న తాళంచెవి

తాళంచెవి మన దగ్గరే ఉంచుకుంటే ఇవన్నీ తీరుతాయా అంటే, అప్పుడు దాన్ని పోగొట్టుకునే ప్రమాదం మనదవుతుంది. ఆ 64 అక్షరాలు రాసిన కాగితం పోతే ఏ సంస్థా తిరిగి ఇవ్వలేదు. అందుకే చాలా సేవలు పక్కన మరో తలుపు పెడతాయి: పాస్‌వర్డ్ మరచిపోయారా? దొంగలు ముందు తలుపు జోలికి రావడం తక్కువ, ఈ పక్క తలుపునే తడతారు. ముందు తలుపుకు ఎన్ని తాళాలు వేసినా, పక్క తలుపుకు ఒక్క ఫోన్ నంబరే తాళం అయినప్పుడు ఆ ఖాతా భద్రత ఆ నంబరు భద్రతతో సమానం.

మన ఇళ్లలో ఆ నంబరు ఎవరిది? అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అమ్మానాన్నల ఫోన్లో ఖాతా తెరిచి, తిరిగి కోలుకోవడానికి తమ నంబరో, అప్పట్లో వాడిన ఇండియా సిమ్ నంబరో ఇచ్చి వెళతారు. తరువాత ఆ సిమ్‌కు రీచార్జి చేయరు. కొన్ని నెలలకు అది రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులపాటు కొత్తవారికి కేటాయించరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. పాత నంబరుతో ముడిపడిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించుకునే బాధ్యత చందాదారుదేనని ఆ కేసులో కోర్టు పేర్కొంది. అంటే 91వ రోజు నుంచి ఆ నంబరు మరొక ఊళ్లో, మరొక మనిషి ఫోన్లో మోగవచ్చు. ఆ మనిషి మంచివాడే కావచ్చు. అయినా నాన్నగారి ఈమెయిల్‌కు, అందులో ఉన్న భూమి కాగితాల స్కాన్‌లకు, ఇరవై ఏళ్ల కుటుంబ ఫొటోలకు పక్క తలుపు ఓటీపీ ఇకమీదట ఆ కొత్త మనిషికే వెళుతుంది. గూగుల్ ఖాతాలో భద్రత అన్న పేజీ తెరిచి, రికవరీ ఫోన్ అన్న పంక్తిలో ఏ నంబరు ఉందో చూసి మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. పాత నంబరుకు రీచార్జి ఆపేముందే ఆ పని జరగాలి. ఆపిన తరువాత మార్చబోతే, సరిచూసుకోవడానికి ఆ ఖాతా ఆ పాత నంబరుకే ఓటీపీ పంపే అవకాశం ఉంది.